మాడు పూడిన పుర్రె

పశువైద్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్‌లో ఫొటోలు పంపుతుంటారు. చెలకలో ఎముక దొరికింది, వాగులో పుర్రె దొరికింది, ఇది ఏ జంతువుది మేడం, అని. నేను రాసే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: పక్కన అగ్గిపెట్టె పెట్టి మళ్లీ తీయండి. పక్కన కొలత లేకపోతే ఫొటోలో కుందేలు పుర్రె కూడా పులి పుర్రెలా కనిపిస్తుంది. రెండో జవాబు: ముందు కడగండి, కడిగేదాకా ఎవరికీ ఏమీ చెప్పకండి. ఈ రెండో మాటను ముసలామె చాదస్తం అనుకునేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

2001లో నేను సూర్యాపేటలో ఉన్నాను. 2013లో మిర్యాలగూడలో రిటైరయ్యాను. మధ్యలో ఐదేళ్లు మునగాల వైపు ఒక పశువుల దవాఖానలో పనిచేశాను. హైవే మీద లారీలు గుద్దిన బర్రెలకు పోస్టుమార్టం, గొర్రెలకు టీకాలు, ఈత కష్టమైన ఆవులు, ఇదీ అక్కడి పని. అడవి జంతువుల గురించి నేను ప్రత్యేకంగా చదివింది లేదు. కాలేజీలో ఎముకల పాఠం శ్రద్ధగా చదివాను, అంతే. ఆ పాఠం నాకు ఉద్యోగంలో గట్టిగా అక్కరకొచ్చింది ఒక్కసారే. అది 2006 ఏప్రిల్, ఒక శుక్రవారం.

ఉదయం గొర్రెలవాళ్లు వెళ్లిపోయాక ఒక కానిస్టేబుల్ మోటార్ సైకిల్ దిగి, పాత బియ్యం సంచీ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టబోయాడు. కింద పెట్టమన్నాను. సంచిలో మట్టిముద్ద ఉంది. ముద్దకు పసుపుపచ్చ జాకెట్ ముక్క అతుక్కుని ఉంది. మట్టి ఊడిన చోట గుండ్రటి ఎముక కనిపిస్తోంది. దాంతోపాటు ఒక రూపాయి బిళ్ల, ఇంకా ఎర్రగానే ఉన్న కుంకుమ ప్లాస్టిక్ పొట్లం.

"ఇది మనిషిదా, జంతువుదా చెప్పుండ్రి మేడం," అన్నాడు కానిస్టేబుల్. "ఎస్సై సార్ జల్ది చెప్పమన్నడు. గాడ ఊర్ల మంది కూడిన్రు."

విషయం అతనే చెప్పాడు. నడిగూడెం వైపు ఒక ఊళ్లో మామిడితోటకు కంచె వేయడానికి రాతి కడీలు పాతుతున్నారు. గుంత తవ్వుతుంటే గడ్డపారకు ఇది తగిలింది. ఆ తోటకు కావలి ఒక ముసలామె, తోటలోనే గుడిసె వేసుకుని ఒంటరిగా ఉంటుంది. ఆ ఊళ్లోనే కూలికి పోయే ఒక జంటకు మూడు నెలల ఆడబిడ్డ జ్వరంతో చనిపోయి అప్పటికి నెల దాటింది. తోట వెనకాల వాగు ఒడ్డున పాతిపెట్టారు. ఆ చిన్న సమాధి మీది రాళ్లు పక్కకు జరిగి ఉన్నాయని ఎవరో చూశారు. కుక్కలో పందులో జరిపి ఉండాలి. కానీ చిన్న పుర్రె, పసుపు గుడ్డ, కుంకుమ ఒక్కచోట దొరికాక కుక్కల మాట ఎవరు వింటారు? ముసలామె పసిబిడ్డ తల తవ్వి తెచ్చి బాణామతి చేసిందన్నారు.

"ముసలామె ఏమంటోంది?"

"ఏమంటలేదు మేడం. గదే పరేషాన్. 'నేనే పెట్టిన' అన్నది. ఏం పెట్టినవంటె నోరు తెరుస్తలేదు."

"ఎవరైనా డాక్టరు చూశారా?"

"దగ్గరి దవాఖాన డాక్టర్ సార్ చూసిండు. పసిపిల్లది అన్నడు."

ఆ వైపు అప్పట్లో ఒక ఘోరమైన అలవాటు ఉండేది. బాణామతి చేశారని అనుమానం వస్తే మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టేవాళ్లు. నేను సూర్యాపేటలో ఉండగా అలా నోరు పోగొట్టుకున్న ఒకాయనను బస్‌స్టాండులో చూశాను. జావ తాగడానికి కూడా ఇబ్బంది పడుతున్నాడు. ఆయనను చూసిన తర్వాత ఎవరైనా ఆ మాటను నవ్వుతూ అంటే నాకు ఒళ్లు మండేది.

"హైదరాబాద్ పంపితె జవాబు వచ్చేటాళ్లకు నెల దాటుతది," అన్నాడు కానిస్టేబుల్. "అందాక ముసలామెను ఏడ దాస్తం? ఇంకోటి, బిడ్డను తవ్వి చూద్దాం, తల ఉన్నదో లేదో తెలుస్తదంటున్నరు మంది. తహసీల్దార్ సారుకు కాగితం తయారైతున్నది. ఆ తల్లిని సూస్తె మాత్రం..." అని ఆగిపోయాడు. అతనికీ ఇంట్లో చిన్నపిల్ల ఉందని తర్వాత తెలిసింది.

మా అటెండరును పిలిచి సంచీ కుళాయి దగ్గరికి తెమ్మన్నాను. అతను నాకంటే రెండేళ్లు పెద్ద. కుళ్లిన పిండాన్ని ఆవు కడుపులోంచి తీస్తుంటే పక్కన నిలబడి బీడీ గురించి ఆలోచించగల మనిషి. సంచిలోకి తొంగిచూసి వెనక్కి జరిగాడు.

"దీన్ని నేను ముట్ట మేడం."

"ఎందుకు?"

"బొట్టున్నది."

"నువ్వు చర్చికి పోతావు కదయ్యా."

"ఆదివారం పోత మేడం. ఇయ్యాల శుక్రవారం."

నేనే మోసుకెళ్లాను. కింద ట్రే పెట్టి సన్నటి ధారతో కడగడం మొదలుపెట్టాను. మట్టి ఊరికే పారిపోకుండా జల్లెడ కావాలి. దవాఖానలో ఉన్న జల్లెడ ఒకటే, అటెండరు టీ వడకట్టేది. అడ్డం పెట్టాను. అతను కిటికీలోంచి చూశాడు. మర్నాడు కొత్తది కొనుక్కొచ్చాడు.

గడ్డపార దెబ్బకు ముఖం వైపు ఎముకంతా పోయింది. కింది దవడ లేదు. పై దవడ నలిగిపోయింది. మిగిలింది మెదడు ఉండే గుండ్రటి భాగం, కళ్ల పైన కొంచెం ముందుకొచ్చిన గట్టు. ముఖం ఉండుంటే అది ఏమిటో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్లు. మా శాఖలో ఇదెప్పుడూ ఇంతే. ఏ భాగాన్ని చూస్తే తెలుస్తుందో ఆ భాగమే పోయి మన దగ్గరికి వస్తుంది.

టేపు పెట్టి కొలిచాను. చుట్టుకొలత ఇరవై మూడు సెంటీమీటర్లు. ఇంకోసారి కొలిచాను. అంతే వచ్చింది. తర్వాత తిరగేసి అడుగు చూశాను. వెన్నెముక వచ్చి కలిసే రంధ్రం మనిషిలో పుర్రెకు సరిగ్గా కింద ఉంటుంది, తల నిటారుగా మోయాలి కాబట్టి. ఇందులో వెనక్కి జరిగి ఉంది. అప్పటికి నా మనసులో జవాబు వచ్చేసింది. కానీ మనసులో వచ్చిన జవాబును నేను ఎప్పుడూ కాసేపు కూర్చోబెడతాను. వేళ్లతో నడినెత్తి తడిమాను. ఎక్కడా ఖాళీ లేదు, అంతా గట్టిగా అతుక్కుపోయి ఉంది.

అప్పుడు జల్లెడలో టక్కుమని ఏదో పడింది. దవడ పన్ను. పైభాగం నాలుగు బొడిపెలుగా ఉండి, నమిలి నమిలి అరిగి ఉంది. కానిస్టేబుల్ జేబులోని అగ్గిపెట్టె అడిగి తీసుకుని, పుల్లలు అతనికే ఇచ్చి, పన్నును అందులో పెట్టాను.

అంతలో ఆరోగ్య కేంద్రం డాక్టరు స్కూటర్ మీద వచ్చాడు. కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తన మాట ఊళ్లో ఏం చేసిందో విని భయపడి వచ్చాడు.

"నేను 'పసిపిల్లది కావచ్చు' అన్నాను మేడం. సంచిలో మట్టి మధ్య నాలుగు వేళ్లంత కనిపించింది. కావచ్చు అన్నాను, అంతే."

"ఆ 'కావచ్చు' దారిలోనే పడిపోయింది బాబూ. ఇలాంటి మాట కాగితం మీద రాస్తే మిగులుతుంది. నోటితో అంటే సగమే చేరుతుంది."

అతను తల వంచుకున్నాడు. పాపం, ఆ వారమంతా వడదెబ్బ రోగులతో అతనికి నిద్ర లేదు. పుర్రెను అతని చేతికి ఇచ్చి, పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత ఎంతుంటుందని అడిగాను.

"ముప్పై నాలుగు, ముప్పై అయిదు." అంటూనే టేపు అందుకున్నాడు. కొలిచి, తడిమి, తిరగేసి చూశాడు. "మూడు నెలల బిడ్డదైతే మట్టిలో ఇలా ఒక్కముక్కగా ఉండనే ఉండదు మేడం. విడివిడి పలకలు, రాలిపోతాయి. ఇది వయసొచ్చిన జంతువు. కోతి."

"కోతే. ఇప్పుడు కలిసి రాద్దాం," అన్నాను. తాను తప్పు చెప్పానని ఒప్పుకోవడానికి అతనికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నా సర్వీసులో ఆ పని అంత తొందరగా చేసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఇద్దరం సంతకాలు చేసి అతని స్కూటర్ అక్కడే వదిలేసి పోలీసు జీపులో ఊరికి వెళ్లాం. పుర్రెను శుభ్రమైన తువ్వాలులో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను.

పంచాయతీ ఆఫీసు ముందు రెండు వందల మందికి తక్కువ లేరు. ముసలామె లోపల నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. సన్నటి మనిషి, తెల్లబడిన జుట్టు, నోట్లో పళ్లన్నీ ఉన్నాయి. వాకిట్లో నిలబడ్డ ఒకడి చొక్కా జేబులోంచి కటింగ్ ప్లేయర్ పిడి బయటికి కనిపిస్తోంది. తోట యజమాని, ఊళ్లో అందరూ పటేలా అని పిలిచే యాభై ఏళ్ల మనిషి, ఒక మూల నిలబడి తన చెప్పుల వైపు చూస్తున్నాడు. అతనిని నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఎస్సై నన్ను అరుగు మీదికి పిలిచాడు. ఇది కోతి పుర్రె అని చెప్పాను. అగ్గిపెట్టె తెరిచి పన్ను చూపించి, మూడు నెలల బిడ్డకు అరిగిన దవడ పన్ను ఉండదు కదా అన్నాను. నేను చెప్పింది ఎవరికైనా అర్థమవుతుందనుకున్నాను. అర్థమైంది కూడా. కానీ నమ్మలేదు.

"పన్ను మీరే ఏసి తెచ్చిన్రేమో ఎవలకెరుక," అన్నాడు ఒకడు.

"ఆఫీసరోళ్లు ఆఫీసరోళ్లు ఒక్కటే. పొద్దున పిల్లదన్నరు, పగటాల కోతిదన్నరు. పొద్దుమీకి కోడిదంటరు," అన్నాడు ఇంకొకడు. నవ్వారు. ఆ నవ్వు వింటే నాకు భయం వేసింది.

"గదంత ఎందుకు, బిడ్డను తవ్వుదాం. తల ఉంటె ఉన్నది, లేకుంటె లేదు," అన్నాడు కటింగ్ ప్లేయర్ మనిషి.

జనం వెనకాల ఆడవాళ్ల గుంపులో ఎవరో సన్నగా మూలిగారు. బిడ్డ తల్లి. ఇరవై ఏళ్లుంటాయేమో. ఆ మాట వినగానే చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు తట్టింది, నేను ఇంతసేపూ మాట్లాడుతున్నది మగవాళ్లతో అని. నేను చూపించాల్సింది పన్ను కాదు. మన ఇళ్లలో ఏ ఆడమనిషికైనా పసిబిడ్డ నెత్తి తెలుసు. పుట్టిన నాటి నుంచి రోజూ మాడు మీద నూనె పెట్టి వేలితో రుద్దుతుంది. ఆ మెత్తటి చోటు ఎక్కడుంటుందో, ఎలా కొట్టుకుంటుందో, ఎన్నో నెలకు పూడుతుందో ఆమెకు పుస్తకం చెప్పనక్కర్లేదు.

"మీలో పిల్లల మాడుకు నూనె పెట్టినవాళ్లు ఎవరైనా రండమ్మా," అన్నాను. "కడిగాను, శుభ్రంగా ఉంది. ముట్టుకుని చూడండి. మీరే చెప్పండి."

ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఒక పెద్దామె వచ్చింది. తువ్వాలులో ఉన్న పుర్రె మీద ఒక వేలు పెట్టి, చటుక్కున తీసి, మళ్లీ పెట్టింది.

"పూడింది," అంది వెనక్కి తిరిగి. "మాడు పూడింది, గట్టిగున్నది."

గుంపులోంచి తల్లి లేచింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు ముట్టకు బిడ్డా, నీకెందుకు."

"ఇడువత్తా. నాకంటె ఎవలకెరుక?"

దారి ఇచ్చారు. అరుగు కింద నిలబడి, కళ్లు మూసుకుని, కుడిచేతి మధ్యవేలు సరిగ్గా నడినెత్తి మీద పెట్టింది. వెతుక్కోలేదు. ఆ వేలికి ఆ చోటు అలవాటే. నూనె రుద్దినట్టు చిన్నగా గుండ్రంగా తిప్పింది. ఒకసారి, ఇంకోసారి. నేను పుర్రెను ఆమెకు అందేలా ఇంకొంచెం కిందికి వంచి పట్టుకున్నాను.

"నా బిడ్డకు గీడ మెత్తగ ఉంటుండె," అంది కళ్లు తెరవకుండానే. "ఏలు పెడితె కింద కొట్టుకుంటుండె. జొరమచ్చిన నాడు గుంట పడ్డది." గుంట పడడమంటే ఒంట్లో నీరు ఇంకిపోయిందని. అది నా పక్కనున్న డాక్టరుకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఆమెకు ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు.

కళ్లు తెరిచింది. "ఇది నా బిడ్డ గాదు."

తర్వాత జనం వైపు తిరిగి, కటింగ్ ప్లేయర్ మనిషిని చూస్తూ అంది: "నా బిడ్డ జోలికి ఎవలు పోకుండ్రి. దాన్ని పండుకోనియ్యిండ్రి."

ఆ తర్వాత నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తడిమి చూశారు. జేబులోని పిడి ఎప్పుడు మాయమైందో నేను చూడలేదు. ఎస్సై తహసీల్దారుకు తయారుచేసిన కాగితాన్ని మడిచి లోపల పెట్టుకున్నాడు.

ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది. అది అడిగింది తెలివైనవాడే. "సరె, కోతే. మరి ముసల్ది కోతికి బొట్టెందుకు పెట్టింది? గా కోతి ఎట్ల సచ్చింది మేడం?"

"ఎలా చచ్చిందో ఈ ఎముకను బట్టి చెప్పలేం," అన్నాను. అది నిజం.

అప్పుడు ముసలామె మొదటిసారి నోరు విప్పింది. "సచ్చింది. తోటల సచ్చింది. ఆంజనేయసామి గాదా? పారేస్తరా? పెట్టిన." అంతే.

కోతి చస్తే దానికి పసుపు కుంకుమ పెట్టి, కొత్తగుడ్డ కప్పి పాతడం ఆ ఊళ్లలో ఎవరికీ వింత కాదు. ఊరంతా కలిసి డప్పులతో చేసిన సాగనంపుడు నేనే చూశాను. అందరూ చేసే పనే ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా చేసినందుకు బాణామతి అయింది. మరి చెప్పకుండా ఎందుకు చేసింది? పొద్దుటి నుంచి ప్రాణం మీదికి వచ్చినా ఎందుకు నోరు విప్పలేదు? లెక్కలో ఒక అంకె తేలకపోతే నాకు అన్నం సహించదు. గుంత చూడాలని చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని తోటకు వెళ్లాను.

గుంత పక్కనే నేలలో మూరెడెత్తు వెదురు గుంజలు వరసగా ఉన్నాయి. కొన్నింటికి సన్నటి ఇనుప తీగ ముక్కలు ఇంకా చుట్టుకుని ఉన్నాయి. ఆ ఎత్తులో తీగ కట్టేది అడవి పందుల కోసం. కరెంటు ఇచ్చి కడతారు.

"దీనికే తగిలిందా అవ్వా?"

ఆమె చుట్టూ చూసింది. "పోయినేడు ఎండకాలం. పందులకు పెట్టిన తీగ. సామి దిగొచ్చి పట్టుకున్నడు. పటేల్ కాలువల పారెయ్యమన్నడు. నాకు చేతులు రాలే. ఎవలకు చెప్పకవ్వా, బిడ్డ లగ్గమున్నది, సామిని చంపినోని ఇంటికి ఎవలొస్తరు అని ఏడ్చిండు. సరే అన్న."

"ఈ రోజు నీ పళ్లు ఊడగొట్టేవాళ్లు. ఆయన అక్కడే నిలబడ్డాడు."

"నిలవడ్డడు," అంది. "చెప్పుతడేమో అని చూసిన. బుగులైంది ఆయనకు. ఆయన భయమాయనది. నేను మాటిచ్చిన గద."

నేను ఆమెతో వాదించలేదు. నా వయసు అప్పుడు యాభై ఒకటి. ఆమెది డెబ్బైకి తక్కువుండదు. అంత బరువైన మాటను ఒక ఏడాది మోసిన మనిషికి నేను నేర్పేది ఏముంది?

పటేల్ మా వెనకాలే వచ్చి నిలబడ్డాడు. "మేడం, రిపోర్టుల రాస్తరా?" అన్నాడు.

"ఎముక చెప్పింది రాశాను. మరణ కారణం తెలియదు అని. తీగ చెప్పేది రాయడం నా పని కాదు, కరెంటువాళ్ల పని. రేపు వాళ్లు వస్తారు. ఈ కడీలకు ఏ తీగ కడుతున్నారు?"

"ముళ్లతీగ మేడం. ఆ నాటి నుంచి కరెంటు పెట్టలే. అందుకే కడీలు తెప్పిచ్చిన." "పొద్దుటి నుంచి చెప్దామనే అనుకున్న. నోరు రాలే."

"నాతో అనకండి. ఆమెతో అనండి," అని పక్కకు వెళ్లాను. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. అతను చేతులు జోడించడం మాత్రం కనిపించింది.

కోతి అడవి జంతువు కాబట్టి అటవీశాఖ మనిషి వచ్చి చూసి, రాసుకుని, పాతిపెట్టమన్నాడు. పొద్దు వాలుతుండగా తోటలో వేరే చోట గుంత మొదలైంది. ఊళ్లోవాళ్లు ఓ ముప్పైమంది వచ్చారు. గడ్డపార కూలివాడి చేతిలోంచి పటేల్ తీసుకున్నాడు. తెల్ల చొక్కా మీద మట్టి పడుతున్నా ఆపకుండా తవ్వాడు. అర్థమైనవాళ్లకు అర్థమైంది.

పాత గుడ్డ చిరిగిపోయింది. కొత్తది ఎవరు తెస్తారని అనుకుంటుండగా బిడ్డ తల్లి వచ్చి, కొంగులోంచి ఒక గుడ్డ తీసి ముసలామెకు ఇచ్చింది. చిన్నది, మెత్తటి తెల్లగుడ్డ, అంచుకు చేత్తో కుట్టు. అది దేనికోసం కుట్టిందో ఎవరూ అడగలేదు. ముసలామె దాన్ని రెండు చేతులా అందుకుని, పుర్రెను చుట్టింది.

"అన్ని పెట్టిన్రా మేడం?" అంది ఆ తల్లి నా వైపు తిరిగి. "ఏదన్న మిగిలిపోతె సామి మల్ల లేస్తడు."

అప్పుడు గుర్తొచ్చింది. బ్యాగులోంచి అగ్గిపెట్టె తీసి, పన్నును ఆమె అరచేతిలో వేశాను. ఆమె వంగి దాన్ని గుడ్డ మడతలో పెట్టింది.

ముసలామె గుంతలోకి తొంగిచూసి, పెదవి విరిచింది.

"ఇంకింత లోతు తీయి పటేలా," అంది. "నీ కడీ మల్ల తగల్తది."

పటేల్ మళ్లీ గుంతలోకి దిగాడు.